పడకగదికో నమ్మకమైన టీవీ

ప్రియమైన ఫ్యూజు బావమరిదికి,

ఈ కాలంలో ఉత్తరమేమిటి, బావ ఫోను ఎక్కడైనా పారేసుకున్నాడా అని నువ్వు నవ్వుకుంటూ ఉంటావు. ఫోను జేబులోనే ఉంది. కానీ మాది చిన్న ఇల్లు. వంటింట్లో చెంచా కిందపడితే పడకగదిలో వినిపిస్తుంది. నీతో చెప్పేది మీ అక్క చెవిన పడకూడదని, ఆఫీసులో ఒక ఫైలు తెరిచిపెట్టుకుని దాని చాటున ఇది రాస్తున్నాను. నువ్వు కూడా ఇంటికి రాయకు, ఆఫీసు చిరునామాకి రాయి. కవరు మీద నీ పేరు వేయకు. నేను మొదటిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు నాకు ఫ్యాను పెట్టబోయి ఇల్లంతా చీకటి చేసినవాడివి నువ్వు. ఆ రోజు నీకు ఫ్యూజు అని పేరు పెట్టానే గానీ, మీ ఇంట్లో నా కడుపులో మాట చెప్పుకోగలిగింది నీ ఒక్కడితోనే.

విషయం వింటే ఇంతేనా అంటావు. మా పడకగదికి ఒక చిన్న టీవీ కావాలి. పల్చటి తెర టీవీ, మంచం మీంచి చూసుకునేంతది. నాలుగు కాలాలపాటు మన్నాలి. నీకు కరెంటు సామాన్ల కొట్టుంది కాబట్టి ఏ కంపెనీ సరుకు ఎలాంటిదో నీకు తెలిసినట్టు నాకు తెలియదు. ఫలానాది కొనుక్కో బావా అని నువ్వు ఒక ముక్క రాస్తే సరిపోవాలి. కానీ ఆ టీవీ అడిగింది మీ అక్క. నా గుండెల్లో రాయి పడింది అక్కడే.

హాల్లో మాకు టీవీ ఉంది, నీకు తెలుసు. పడకగదిలో టీవీ ఏమిటి అసహ్యంగా, నిద్రపోయే చోట నిద్రపోవాలి అని ఇన్నేళ్ళుగా అంటున్నది ఆవిడే. అలాంటి మనిషి ఒక రోజు పొద్దున్నే నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వచ్చి, "లోపలికో చిన్న టీవీ కొందామండీ" అంది. ఎందుకు అన్నాను. "ఊరికే" అంది. బావమరిదీ, నేను పాతికేళ్ళుగా చేస్తున్న పనిలో 'ఊరికే' అన్న ప్రతివాడి దగ్గరా ఏదో ఒకటి దొరికింది.

నా పని సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. నిప్పంటుకున్న కొట్లకీ గోదాములకీ వెళ్ళి, అది నిజంగా అంటుకున్నదా, కావాలని అంటించుకున్నదా అని చూసి ఇన్సూరెన్సు వాళ్ళకి రిపోర్టు రాయడం. కొత్తలో నాకు పని నేర్పిన పెద్ద సర్వేయరు బూడిదలో నిలబెట్టి ఒక మాట చెప్పాడు. "కాలినవి అందరూ చూస్తారు. అక్కడ ఉండాల్సినవి ఏవి లేవో నువ్వు చూడు" అని. తన కొట్టు తనే తగలబెట్టుకునేవాడు ముందురోజే గోడకున్న తల్లి ఫోటో ఇంటికి పట్టుకుపోతాడు. బీరువాలో మంచి బట్టలుంటే తీసేస్తాడు. మేకు ఉండి ఫోటో లేకపోతే నేను ఆ మేకు ఫోటో తీసుకుంటాను. ఈ పద్ధతి నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. అందుకే భయంగా ఉంది.

పోయిన శనివారం ఇద్దరం షోరూముకి వెళ్ళాం. గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ రంగురంగుల చేపలు. చేపల్ని చూపిస్తే డొక్కు టీవీ కూడా బాగానే కనిపిస్తుంది. వార్తలు పెట్టమన్నాను. వార్తలు చదివే ఆవిడ ఒక టీవీలో కామెర్లు వచ్చినట్టు పచ్చగా ఉంది, పక్క టీవీలో చలికి వణికినట్టు నీలంగా ఉంది. మంచం మీద పడుకుని చూస్తే ఎలా ఉంటుందోనని నడుం వంచి, తల పక్కకి వాల్చి చూశాను. కొన్నింటికి పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. షోరూం మేనేజరు నాకు మెడ పట్టేసిందనుకుని కుర్చీ తెప్పించాడు. టీవీల వెనక చెయ్యి పెట్టి వేడి కూడా చూశాను. ఇదంతా నా ధోరణి, నీకు తెలిసిందే. మీ అక్క ఇవేవీ పట్టించుకోలేదు. ఆవిడ అడిగినవే వేరు.

మేనేజరు పెద్ద టీవీ చూపిస్తే, "ఒంటి చేత్తో ఎత్తగలిగేది చూపించండి" అంది. చూపించాడు. ఆవిడ దాన్ని నిజంగానే ఎత్తి, చంకలో పెట్టుకుని, షోరూములో ఆ చివరిదాకా నడిచి తిరిగి వచ్చింది. అందరూ చూస్తున్నారు. "గోడకి మా మనిషే వచ్చి బిగిస్తాడమ్మా" అన్నాడు ఆయన. "బిగించొద్దు. స్టాండు మీదే ఉండాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేలా ఉండాలి" అంది. ఎన్నేళ్ళు పాడవకుండా ఉంటుందని ఒకటికి నాలుగుసార్లు అడిగింది. "రంగులు కాస్త తక్కువైనా పర్వాలేదండీ, పాడవకూడదు. మనిషి వచ్చి విప్పే పని ఉండకూడదు." బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారు అంటే, నేను నోరు తెరిచేలోపు, "నా పేరు మీద" అంది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్క వస్తువు బిల్లూ ఆవిడ పేరు మీద లేదు. ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ మధ్య టీవీలు మనం మాట్లాడేది వింటాయని, అందులో మైకుంటుందని మేనేజరు గొప్పగా చెప్పాడు. మీ అక్క నవ్వుతూ, "ఆ పనికి మా ఇంట్లో మనిషున్నారండీ, మామూలుదే ఇవ్వండి" అంది. ఆయన పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. బయటికొచ్చాక నా నవ్వు ఎక్కడో పోయింది.

ఆలోచించుకుని వస్తామని చెప్పి ఆవిణ్ణి బయటికి తీసుకొచ్చేశాను. దారంతా లెక్క కడుతూనే ఉన్నాను. ఒంటి చేత్తో ఎత్తగలిగేది. గోడకి బిగించనిది. బాగుచేసే మనిషి అక్కర్లేనిది. తన పేరు మీద బిల్లున్నది. ఒంటరిగా ఉండబోయే ఆడమనిషి కొనుక్కునే టీవీ కాకపోతే ఇదేమిటి? బావమరిదీ, మీ అక్క నన్ను వదిలి వెళ్ళబోతోంది. నాకు ఆవిడ తప్ప ఎవరున్నారు? పిల్లలు లేని ఇంట్లో ఇద్దరిలో ఒకరు పోతే మిగిలేది ఇల్లు కాదు. ఆవిడ నీకేమైనా రాసిందా? మీ వైపు గది ఏదైనా చూడమందా? నిజం చెప్పు. టీవీ కంపెనీ పేరు కూడా రాయి.

నీ మీద మాత్రం ఏ అనుమానమూ లేని,
మీ బావ

•

బావమరిదికి,

నీ జవాబు అందింది. అందడానికి చాలా ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందో నేను అడగను, నువ్వు కొట్లో పని ఉందని అంటావు. ఇంతకీ ఏం రాశావు? కంపెనీ పేరు రాశావు, రెండేళ్ళ గ్యారంటీ ఉన్నది తీసుకోమన్నావు, "అక్క అడిగింది కదా బావా, కొనిచ్చెయ్. ఇంకేం లేదు" అని ముగించావు. ఇంకేం లేదని నిన్నెవరు అడిగారు? ఏదో ఉన్నవాడే ఇంకేం లేదంటాడు. సరే, అది పక్కన పెడదాం.

మొన్న మీ అక్క కూరగాయలకి వెళ్ళింది. నేను ఆ రోజు ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. పడకగది చూశాను. ఇది నా సొంత గది అనుకోకుండా, ఎవరో క్లెయిము పెట్టిన గది అనుకుని చూశాను. అద్దం బల్ల మీద నా కళ్ళజోడు పెట్టె ఉంది, నా వాచీ ఉంది, నా మందులున్నాయి. ఆవిడ దువ్వెన లేదు, పౌడరు డబ్బా లేదు, క్లిప్పులు వేసుకునే గిన్నె లేదు. బల్లలో ఆవిడ వైపు సగం ఖాళీగా, తుడిచినట్టు ఉంది.

మంచం కింద చూస్తే బీరువా మీద ఉండాల్సిన పెద్ద సూట్‌కేసు అక్కడుంది. అందులో ఎప్పుడూ చలికాలం దుప్పట్లు ఉంటాయి. ఆ దుప్పట్లు బీరువాలోకి వెళ్ళిపోయాయి. సూట్‌కేసు ఖాళీగా ఉంది. అడుగున మాత్రం ఒక పాత దుప్పటి మెత్తగా మడిచి పరిచి ఉంది, దాని మీద ఆవిడ కుట్టుపని టేపు, ఒక అట్టముక్క. అట్టముక్కని కొలిచాను. మేము షోరూములో చూసిన చిన్న టీవీ ఎంతుందో సరిగ్గా అంతే ఉంది. టీవీని సూట్‌కేసులో పెట్టి పట్టుకుపోవడానికి కొలతలు తీసుకుంది. నేను ఇంతకాలం చూసిన దొంగ క్లెయిముల్లో కూడా ఇంత శుభ్రమైన ఏర్పాటు చూడలేదు.

అక్కడితో ఆగలేకపోయాను. షోరూముకి ఒక్కణ్ణే వెళ్ళాను. మేనేజరు నన్ను చూడగానే, "మేడంగారు మళ్ళీ వచ్చి వెళ్ళారండీ" అన్నాడు. ఒంటరిగా వచ్చిందట. ఏమడిగిందని అడిగాను. ఆయన కాసేపు నసిగి, "టీవీని బస్సులో తీసుకెళ్తే దెబ్బతింటుందా అని అడిగారండీ. బాగా చుడితే ఏం కాదని చెప్పాను" అన్నాడు. బస్సులో. మీ ఊరికి ఉన్నది బస్సో, రైలో కదా? నేను తేలు కుట్టిన దొంగలా మాట్లాడకుండా బయటికొచ్చాను. ఆ షోరూం మెట్ల మీద కూర్చుని ఏడవడం ఒక్కటే తక్కువ.

నేనేం తక్కువ చేశానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. తాగను. చెయ్యి ఎత్తను. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఇంటికే వస్తాను. వచ్చి, ఏం చేశావు, ఎవరొచ్చారు, ఎక్కడికెళ్ళావు అని మంచీచెడ్డా అడుగుతాను. అడగని మొగుళ్ళున్నారు, వాళ్ళ పెళ్ళాలు బాధపడుతుంటారు. మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో చూడు. ఒకప్పుడు బట్టలు కుట్టించుకోవడానికి ఎవరెవరో వస్తూ పోతూ ఉండేవారు, ఇప్పుడు అదీ లేదు. మీ అక్క కూరగాయలకి తప్ప ఎక్కడికీ వెళ్ళదు, ఎవరూ రారు. పని కూడా ఎంత శ్రద్ధగా చేస్తుందంటే, వాషింగ్ మెషీన్ పక్కన పెట్టేసి బట్టలు చేత్తోనే ఉతుకుతోంది. మెషీన్లో మురికి పోవడం లేదట. వేళ్ళన్నీ పగిలిపోయాయి, ఎందుకు ఇంత అవస్థ అంటే వినదు. ఇలాంటి ఇల్లు వదిలి ఒక మనిషి ఎందుకు వెళ్ళాలనుకుంటుంది?

ఇక ఊరుకోను. ఈ ఆదివారం ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ అడిగేస్తాను. ఈలోపు నువ్వు ఆవిడకి ఫోన్ చేసి ఇదంతా చెప్పావంటే, నాకు తెలిసిపోతుంది.

నీ మీద కూడా కొంచెం అనుమానం మొదలైన,
మీ బావ

•

నా బంగారు బావమరిదికి,

ఈ ఉత్తరం ఇంట్లోనే, హాల్లో కూర్చుని రాస్తున్నాను. దాచుకునే అవసరం లేదు. పోయిన ఉత్తరంలో నీ మీద రాసిన మాట కొట్టేసుకో. నా ముఖం మీద నేనే కొట్టుకోవాల్సిన రోజులివి.

ఆదివారం భోజనాలయ్యాక పడకగదిలో మీ అక్కని కూర్చోబెట్టాను. సూట్‌కేసు తీసి మంచం మీద పెట్టాను. అట్టముక్క పెట్టాను. అద్దం బల్ల చూపించాను. షోరూములో ఆవిడ అడిగినవన్నీ వరసగా చెప్పాను, మేనేజరు చెప్పిన బస్సు సంగతితో సహా. "ఎప్పుడు వెళ్తున్నావు?" అన్నాను. ఆవిడ నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"వెళ్ళడానికి కాదు. ఉండటానికే" అంది.

"ఉండేదానివైతే టీవీకి సూట్‌కేసు ఎందుకు?"

"పాడైతే నేనే పెట్టుకుని బస్సెక్కి సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళడానికి. ఎత్తగలిగేది అందుకే. గోడకి వద్దన్నదీ అందుకే. నా పేరు మీద బిల్లుంటే మిమ్మల్ని అడగకుండా నేనే ఇచ్చి తెచ్చుకోవచ్చు. బల్ల మీద నా సామాను తీసింది టీవీ పెట్టడానికి చోటు కోసం."

"మెకానిక్కు ఇంటికే వస్తాడు కదా, నీకెందుకా మోత?"

"అదే వద్దు. మెకానిక్కు ఇంటికి రాకూడదు" అంది. "వాషింగ్ మెషీన్ పాడై ఏడాది దాటింది. మురికి పోదని మీకు అబద్ధం చెప్పాను. మోటారు కాలిపోయింది. బాగుచేయించాలంటే మనిషి రావాలి. మనిషి వస్తే మీరు అడుగుతారు."

పోయినసారి ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చిన మనిషి గురించి నేను అడిగినవన్నీ ఒక్కటి వదలకుండా అప్పజెప్పింది. ఎన్నింటికి వచ్చాడు, ఎందుకంతసేపు ఉన్నాడు, మంచినీళ్ళు అతను అడిగాడా నువ్వే ఇచ్చావా, అతను అంతకుముందు నీకు తెలుసా. అవన్నీ నేను అడిగినవే. కాదనలేను. ఆ మర్నాడు ఆ కంపెనీకి ఫోను చేసి ఇక్కణ్ణుంచి ఎప్పుడు బయల్దేరాడో కనుక్కున్నానని కూడా ఆవిడకి తెలుసు. ఎలా తెలిసిందంటే, ఆ మనిషి రెండోసారి వచ్చినప్పుడు గుమ్మం బయటే నిలబడ్డాడట. "సార్ ఉన్నప్పుడు వస్తానండీ, నా ఉద్యోగం పోతుంది" అన్నాడట. మెట్ల మీద పైఇంటివాళ్ళు వింటూ ఉన్నారట. "నాకు తల కొట్టేసినట్టయింది" అంది మీ అక్క. "కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు ఎందుకు మానేశారనుకున్నారు? భార్య బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దమనిషిని కూడా మీరు కూర్చోబెట్టి మీది ఏ ఆఫీసండీ అని అడిగారు."

బావమరిదీ, నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ చేతులు పట్టుకుని చూస్తే వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఉంది. ఏడాదిగా నా చొక్కాలు ఉతికిన చేతులవి, ఉతికింది నా ప్రశ్నలు తప్పించుకోవడానికి. అయినా టీవీ ఎందుకని అడిగాను, అదొక్కటే మిగిలింది. "పడుకుని మీరు అడుగుతూ ఉంటే పైకప్పు చూస్తూ జవాబులు చెప్పి చెప్పి విసుగొచ్చిందండీ. ఎదురుగా ఏదైనా కదులుతూ ఉంటే ఇద్దరం అటు చూస్తాం కదా అని" అంది. నేను ఏడ్చాను. ఆవిడ ముందు ఏడవడం ఇదే మొదటిసారి.

ఆ రోజే మాటిచ్చాను, ఇక అడగనని. మాట ఇవ్వడం తేలికే, అందుకని చేసి చూపించాను. మర్నాడే మేమిద్దరం వెళ్ళి, నువ్వు చెప్పిన కంపెనీ టీవీ, ఆవిడ ఎత్తి చూసిందే, ఆవిడ పేరు మీదే కొన్నాం. తర్వాత వాషింగ్ మెషీన్ మెకానిక్కుని నేనే ఫోను చేసి పిలిచాను. అతను వచ్చే వేళకి చొక్కా వేసుకుని, పార్కుకి వెళ్తున్నానని చెప్పి బయటపడ్డాను. ఫౌంటెన్ దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు బంతాట ఆడుతున్నారు, ఒకాయన కుక్కని తిప్పుతున్నాడు. నా జన్మలో అంత ప్రశాంతంగా ఎప్పుడూ కూర్చోలేదు. ఎర్ర సంచీ భుజాన వేసుకుని వచ్చినవాడు ఎవరు, ఎంతసేపున్నాడు, ఏం మాట్లాడాడు, నాకు అక్కర్లేదు. చీకటి పడకముందే ఇంటికొచ్చాను. మెషీన్ గిరగిరా తిరుగుతోంది. నేను ఒక్క ముక్క అడగలేదు. మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. పెద్ద పరీక్ష పాసైనట్టుంది.

నువ్వు వచ్చినప్పుడు చూద్దువుగాని, మీ అక్క ముఖంలో కళ వచ్చింది. టీవీ కూడా పక్కనుంచి చూసినా రంగు మారడం లేదు.

మారిన మనిషి,
మీ బావ

•

చిన్నా,

మీ బావ రాసిన మూడో ఉత్తరం నీకు అంది ఉంటుంది. అది పోస్టు చేసేముందు ఆయన నాకే చదివి వినిపించారు. హాల్లో నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ, ఏడుపొచ్చిన చోట ఆగుతూ చదివారు. అంతకుముందు రెండు రాశారని కూడా అప్పుడే చెప్పారు, నిన్ను అనుమానించినందుకు పాపం నొచ్చుకున్నారు కూడా. ఆదివారం మా మధ్య జరిగినదంతా ఆయన రాసినట్టే జరిగింది. ఒక్క మాట కల్పించలేదు. ఆయన ఏడ్చిందీ నిజమే. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. అందుకే నీకు ఇది రాయడం కష్టంగా ఉంది.

ఆయన పార్కుకి వెళ్ళలేదు.

మెకానిక్కు మెషీన్ వెనక మూత విప్పుతున్నప్పుడు నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. మా కిటికీకి ఎదురుగా రోడ్డవతల మూసేసిన ఫోటో స్టూడియో ఒకటుంది. దాని మెట్ల మీద, స్తంభం పక్కన, ఒకాయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ చొక్కా నేను ఉతికినదే చిన్నా, దాన్ని పోల్చుకోవడానికి ముఖం అక్కర్లేదు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు మాటిమాటికీ పేపరు పక్కనుంచి మా గుమ్మం వైపు చూస్తున్నారు. నేను చూస్తూనే నిలబడ్డాను. వెళ్ళిపోతారేమో, పార్కుకి వెళ్తూ ఒక్క నిమిషం ఆగారేమో అనుకున్నాను. అలా అనుకోవాలని చాలా ప్రయత్నించాను. మెకానిక్కు పని అయిపోయి చేతులు తుడుచుకుంటూ, "ఎదురుగా కూర్చున్నాయన మీవారేనాండీ? నేను పైకొస్తుంటే కింద ఆపి, ఈ పనికి మామూలుగా ఎంతసేపు పడుతుందని అడిగారు" అన్నాడు. అతను మంచివాడు, ఇంకేమీ అనలేదు. ఎర్ర సంచీ భుజాన వేసుకుని త్వరత్వరగా దిగిపోయాడు. ఆ సంచీ గురించి నేను మీ బావకి చెప్పలేదు. ఆయన ఉత్తరంలో రాసుకున్నారు.

ఆయన ఇంటికొచ్చి ఏమీ అడగలేదన్నది నిజం. మంచినీళ్ళు తాగి, కూర్చుని, నా ముఖంలోకి చూస్తూ ఉన్నారు. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు అమ్మ ఏమంటుందోనని చూస్తాడే, అలా. నేను బాగుందండీ అన్నాను. అప్పుడైనా నిజం చెబుతారేమో, ఉండలేకపోయానే, ఎదురుగానే కూర్చున్నానే అంటారేమో అని చూశాను. ఆ మాట అని ఉంటే నేను నవ్వి ఊరుకునేదాన్ని. పదేళ్ళు పట్టినా పట్టనీ, అలవాటు మానడానికి టైము పడుతుందిలే అనుకునేదాన్ని.

ఉత్తరం చదవడం అయ్యాక నేను ఒక్కటే అడిగాను. "పార్కులో ఫౌంటెన్ పనిచేస్తోందాండీ?" అన్నాను. ఎన్నో నెలల నుంచి అది ఎండిపోయి ఉంది, చుట్టూ తడికెలు కట్టేశారు. కూరగాయలకి వెళ్ళేటప్పుడు రోజూ చూస్తాను. ఆయన తడుముకోకుండా, "ఓ, బ్రహ్మాండంగా ఎగజిమ్ముతోంది" అన్నారు. కాసేపటికి ఆయనకే అనుమానం వచ్చింది. "ఎందుకడిగావు? నన్నే అనుమానిస్తున్నావా?" అన్నారు. ఆ గొంతులో ఎంత బాధ ఉందో చెప్పలేను. నిజంగానే బాధపడ్డారు. ఒక్క ప్రశ్నకే అంత బాధపడే మనిషి, ఇన్నేళ్ళుగా నన్ను ఎన్ని అడిగారో ఆయనకి అప్పుడైనా తట్టిందేమోనని చూశాను. తట్టలేదు.

ఆ టీవీ కొన్నప్పుడు నాకు వెళ్ళే ఆలోచన లేదు. దేవుడి మీద ఒట్టు. నేను ఇక్కడే ఉండటానికి ఒక దారి వెతుక్కున్నాను. బట్టలు చేత్తో ఉతకడం, టీవీ బస్సులో మోసుకెళ్ళడం, అవన్నీ ఉండటం కోసమే. నేను తనని వదిలి వెళ్తానని ఆయన వెతికి వెతికి, చివరికి నాకు వెళ్ళే దారి చూపించారు. నాకు ఆయన మీద కోపం ఉంది, జాలీ ఉంది. మందులు వేళకి వేసుకుంటారో లేదోనన్న బెంగ కూడా ఉంది. అవన్నీ ఉండగానే బయల్దేరుతున్నాను.

నిన్న పొద్దున చెప్పాను. మెషీన్లోంచి బట్టలు తీసి ఆరేస్తూ, "నేను తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాను, అక్కడే కుట్టుపని పెట్టుకుంటాను" అన్నాను. ఎందుకు అన్నారు. ఎన్ని రోజులు అన్నారు. వాడు రమ్మన్నాడా అన్నారు. ఎప్పుడు అనుకున్నారు మీరిద్దరూ ఇది అన్నారు. నేను ఒకదానికీ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకపోవడం ఇంత తేలికని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తర్వాత ఆయన మంచం మీద కూర్చుని టీవీ పెట్టుకున్నారు, శబ్దం లేకుండా. ఇవాళ కూడా అలాగే కూర్చున్నారు. ఈ ఉత్తరం రాస్తుంటే ఒకసారి గుమ్మంలోకి వచ్చి, "ఎవరికి?" అన్నారు. మా తమ్ముడికి అన్నాను. "ఏమని?" అన్నారు. నేను రాసుకుంటూ పోయాను, ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

కుట్టుమిషన్ పార్సిల్లో వేశాను, నీ కొట్టు చిరునామాకే వస్తుంది. నీ కొట్టు పక్కన ఉన్న చిన్న గది ఖాళీగా ఉంటే అది చాలు, లేకపోతే ఇంకోటి నేనే వెతుక్కుంటాను. టీవీ తేవడం లేదు. సూట్‌కేసులో బట్టలే పెట్టాను.

వచ్చే ఆదివారం పొద్దుటి రైల్లో దిగుతాను. స్టేషనుకి వస్తే రా, కానీ నాదొక కోరిక. నేను దిగగానే ఎందుకొచ్చావక్కా అని అడగకు. బావ ఎలా ఉన్నాడని అడగకు. ప్రయాణం ఎలా జరిగిందని కూడా అడగకురా. పెట్టె అందుకుని నా పక్కన నడువు, చాలు.

మీ అక్క